రెండు వందల పది రోజులు

రెండువేల ఇరవై రెండు, జూలై నాలుగు, సోమవారం, ఉదయం ఆరు గంటల పన్నెండు నిమిషాలకు ఇది మొదలైంది. అప్పుడు నా చేతిలో స్టాప్‌వాచ్ ఉంది కాబట్టి సమయం విషయంలో నాకు అనుమానం లేదు. మానవపాడు మండలంలో మా ఊరి ఉన్నత పాఠశాల మైదానంలో, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె చున్నీ నడుముకు బిగించి, చెప్పులు వేపచెట్టు కింద విడిచి, ఆరు వందల మీటర్లు పరుగెత్తింది. వాచ్ నొక్కి చూస్తే ఒక నిమిషం, యాభై రెండు సెకన్లు, ఆపైన పదో వంతులు నాలుగు. నమ్మకం కుదరక వాచ్‌ని మళ్లీ సున్నా చేసి, సరిగ్గా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, మళ్లీ పరుగెత్తించాను. రెండోసారి యాభై మూడు వచ్చింది. అలసిన కాళ్లతో ఆరు పదో వంతులే తేడా. నా ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఆ దూరాన్ని అంత తక్కువలో ముగించిన ఆడపిల్లను ఆ మైదానంలో చూడలేదు. మగపిల్లలను నలుగురిని చూశాను.

మైదానం అన్నాను గాని, దాని చుట్టుకొలత నూట ఎనభై ఏడు మీటర్లు. టేపు పట్టి నేనే కొలిచాను. నేను ఉద్యోగంలో చేరిననాడు రెండు వందల మీటర్లుండేది. ఒక మూల మరుగుదొడ్లు తిన్నాయి. అవి కట్టిన ఏడాదే తాళం పడింది. ఇంకో మూల జెండా గద్దె తిన్నది. అది ఏడాదికి రెండు రోజులు పనిచేస్తుంది. కాబట్టి మా ఊళ్లో ఆరు వందల మీటర్లంటే మూడు చుట్లూ, ఆపైన ముప్పై తొమ్మిది మీటర్లూ. ఆ ముప్పై తొమ్మిదో మీటరు మధ్యాహ్న భోజనం వండే గది గుమ్మం ముందు ముగుస్తుంది. పిల్లలు చివర్లో వేగం పెంచడానికి అది కొంత పనికొచ్చేది.

నేను వ్యాయామ ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసింది రెండువేల పదిహేడులో. నా తర్వాత ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. టైంటేబుల్‌లో మాత్రం ఆటల పీరియడ్ అలాగే ఉంది. ఆ గంటలో లెక్కల సారు లెక్కలు చెప్పేవాడు. ఇందులో కొత్తేమీ లేదు, నేనున్నప్పుడూ అంతే. నా డైరీల ప్రకారం, నాకు రావలసిన ఆటల పీరియడ్లలో నేను నిజంగా ఆడించినవి మూడింట ఒకటి. మిగతావాటిలో వాన, పరీక్షలు, ఓటర్ల జాబితా, జనాభా లెక్క, పెద్దవాళ్ల కార్లు వచ్చే దారిలో పిల్లలను నిలబెట్టి చేతులు ఊపించడం. క్రీడలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పడానికి వచ్చిన ఒక పెద్దమనిషి కోసం వరుసగా మూడు రోజులు ఆటలు ఆపాం.

ఆరోగ్య విద్య కూడా నా పనే. తొమ్మిదో తరగతి గోడకు సమతుల ఆహారం పటం ఉండేది. అందులో ఆపిల్, ద్రాక్ష, వెన్న, చేప. ఆ పటం చూపిస్తూ నేను ఏం తినాలో చెప్పేదాన్ని. పిల్లలు శ్రద్ధగా రాసుకొని, గంట కొట్టగానే కంచాలు పట్టుకొని పల్చటి పప్పుచారుకు వరుస కట్టేవాళ్లు. వారానికొకసారి రక్తం పట్టడానికి నీలం మాత్ర ఇచ్చేవాళ్లం. ఎంతమంది మింగారో రిజిస్టర్‌లో ఉండేది. ఎంతమంది ఉమ్మారో గోడ వెనక ఉండేది. నేను గోడ వెనక కూడా లెక్కపెట్టి నా సొంత పుస్తకంలో రాసుకునేదాన్ని. బడి రిజిస్టర్లు ఎవరో అడిగినందుకు రాసేవి, నా పుస్తకం మాత్రం నిజం కోసం రాసేది. ఈ తేడా గురించి నాకు కొంత గర్వం ఉండేది.

ఆ ఏడాది హెడ్‌మేడం ఇంటికొచ్చి అడిగింది. “మేడం, మండలం ఆటలకు పేర్లు పంపమన్నరు. మాకు ఆటలు తెల్వవు. జర పొద్దుగాల గంట సేపు వచ్చి చూస్తరా?” ఇంట్లో ఊరికే కూర్చున్నదాన్ని, సరేనన్నాను. అట్లా ఆ సోమవారం పొద్దున్నే వాచ్ పట్టుకొని పోయాను.

ఆ పిల్ల తల్లి పత్తి చేలలో కూలి. మా గద్వాల వైపు విత్తన పత్తి వేస్తారు. సాయంత్రం మొగ్గలోని కేసరాలు గిల్లాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి పుప్పొడి అద్దాలి. దాన్ని క్రాసింగ్ అంటారు. చిన్న వేళ్లు ఉన్నవాళ్లు బాగా చేస్తారని పేరు. పువ్వు తొమ్మిదింటికి విచ్చుకుంటుంది. బడి గంట కూడా తొమ్మిదింటికే కొడతారు. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా మా హాజరు పట్టీలో ఆడపిల్లల వరుసలు ఎందుకు ఖాళీగా ఉంటాయో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు.

తల్లిని చూడటానికి వాళ్ల ఇంటికి పోయాను. ఉమ్మడి జిల్లా ఎంపికల్లో, పద్నాలుగేళ్ల లోపు వాళ్లలో మొదటి ఇద్దరికీ క్రీడా వసతి పాఠశాలలో చోటు ఇస్తారని చెప్పాను. అక్కడే చదువు, అక్కడే తిండి, ఇంటర్ దాకా.

“గుడ్డు పెడ్తరా?” అని అడిగింది తల్లి.

“రోజూ పెడతరు. పాలు కూడ.”

“ఉరికినందుకా?”

“ఉరికినందుకే.”

ఆమె బిడ్డ వైపు తిరిగి, “గింతదానికి గుడ్డు పెడ్తరంటనే. నేను పొద్దుమీకు వంగి చేస్తె సంగటి ముద్దకే కష్టమాయె” అంది. తర్వాత నాతో, “సరే మేడం. ఈ సీజన్ మీ మాట మీద పంపుత. చోటొస్తె పోతది. రాకపోతె వచ్చే సీజన్ నుంచి నాతోటి సాలు పట్టాలె. మల్ల మీరు వచ్చి అడుగొద్దు” అంది.

“అడగను” అన్నాను. ఈ ఒప్పందానికి సాక్షి ఆ పిల్లే. అంట్లు తోముతూ వింటున్నది. మాటలు అయ్యేదాకా ఒకటే గిన్నె తోమింది.

రోజూ ఐదు నలభై ఐదుకు మొదలు. వారానికి ఆరు రోజులు. ఆగస్టు పదిహేను దాకా ఆ పిల్ల ఒక్క రోజే రాలేదు, జ్వరం వచ్చి. ఎత్తు నూట యాభై ఒకటి, బరువు ముప్పై ఆరు కిలోలు. నీలం మాత్రను నా ఎదుట మింగించి, నోరు తెరిపించి చూసేదాన్ని. “నాలిక కింద కూడ చూడుండ్రి మేడం, అనుమానముంటె” అనేది. చూసేదాన్ని.

సెప్టెంబర్ రాగానే మైదానంలో మొక్కజొన్నలు ఆరబోశారు. ఊళ్లో అంత చదునైన చోటు ఇంకోటి లేదు. గింజలు ఆరబోసిన ఆమె కర్ర పట్టుకొని మధ్యలో ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది.

“ఓ పిల్లా, గింజలు తొక్కుతె కాల్లిరగ్గొడ్త.”

“నేను ఆగితె గద నువ్వు కొట్టేది అత్తా” అని దాటిపోతూ చెప్పేది ఈ పిల్ల.

గింజల అంచుకూ ప్రహరీ గోడకూ మధ్య రెండడుగుల దారి మిగిలింది. గీత దాటకుండా, మలుపులో లోపలికి ఒరగకుండా పరుగెత్తడం నేను ముప్పై ఏళ్లు నోటితో నేర్పాను, ఎవరూ నేర్చుకోలేదు. ఆమె కర్రతో నాలుగు రోజుల్లో నేర్పింది. సెప్టెంబర్ పద్దెనిమిదిన, ఆదివారం, ఆరు గంటల ఐదు నిమిషాలకు వాచ్‌లో వచ్చింది: ఒకటి, నలభై ఆరు, ఎనిమిది. మూడుసార్లు చూసి పుస్తకంలో రాసుకున్నాను.

దానికి ముందే మండలంలో గెలిచింది, గద్వాలలో గెలిచింది. రెండు చోట్లా రెండో పిల్లకు చాలా దూరం ముందుంది. దరఖాస్తులో పుట్టిన తేదీ నేనే నింపాను, నా పుస్తకంలో చూసి: రెండువేల తొమ్మిది, ఫిబ్రవరి ఇరవై ఆరు. వాళ్లు ఆధార్ చూశారు. అందులో రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి ఉంది. తేదీ తెలియని వాళ్లందరికీ ఆ యంత్రం ఇచ్చే పుట్టినరోజు అదే. రెండువేల తొమ్మిది జనవరి ఒకటిన గాని, ఆ తర్వాత గాని పుట్టినవాళ్లు ఆ ఏడాది పద్నాలుగేళ్ల లోపు లెక్కకు వస్తారు. కాబట్టి రెండు తేదీల్లో దేనితోనైనా సరిపోయింది. తేడా ఎందుకు ఉందని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఉమ్మడి జిల్లా ఎంపికలు నాగర్‌కర్నూల్‌లో. సెప్టెంబర్ ఇరవై నాలుగు, శనివారం. తెల్లవారుజామున నాలుగున్నరకు హైవే మీద బస్సెక్కాం, ఆ పిల్లా నేనూ. కొత్తకోటలో దిగి బండి మీద ఇడ్లీ తిన్నాం. పందెం పదకొండింటికి కాబట్టి ఆరు గంటలకు రెండు ఇడ్లీలు, ఎనిమిదిన్నరకు ఒక అరటిపండు, ఆ తర్వాత నీళ్లు గుక్కలుగానే అని నా లెక్క.

“మేడం, ఇంకొక్క ఇడ్లీ.”

“గెలిచినంక ఆరు తిను.”

“గెలువకపోతె?”

“గెలువకపోయినా ఆరే తిను. గని ఇప్పుడు రెండే.”

వనపర్తిలో బస్సు మారి, తొమ్మిది ఐదుకు మైదానం చేరాం. నిజమైన ట్రాక్, నాలుగు వందల మీటర్లు, తెల్ల గీతలు. ఆ పిల్ల చెప్పులు విడిచి దాని మీద నిలబడి కిందికి చూసింది. “దీని మీద గింజలు పొయ్యరా?” అంది. హాస్యానికి అన్నదో నిజంగానే అడిగిందో తెలియలేదు. పొయ్యరని చెప్పాను.

కాగితాలు చూసే బల్ల దగ్గర ఒక సారు. నడివయసు మనిషి, మర్యాదగా మాట్లాడాడు. ఇక్కడ ఆధార్ చాలదట, పిల్ల మొదట బడిలో చేరినప్పటి రిజిస్టర్ కావాలట. హెడ్‌మేడానికి ఫోన్ చేశాను. ఆమె బీరువా తీయించి, పాత రిజిస్టర్ పేజీ ఫోటో తీసి పంపింది. సారు దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

“మేడం, ఇండ్ల రెండువేల ఎనిమిది, జూన్ ఐదు ఉన్నది.”

“కాదు సార్. తొమ్మిది, ఫిబ్రవరి ఇరవై ఆరు.”

“చూడుండ్రి.”

చూశాను. గుండ్రటి అక్షరాలు, ఎడమకు ఒరగని అంకెలు, ఎర్ర గీతకు తాకని వరుస. అది నా రాతే.

మొదలైన తేదీ దగ్గర నేను రాసింది దిద్దుకోవాలి. ఇది మొదలైంది జూలై నాలుగున కాదు. రెండువేల పదమూడు, జూన్ పన్నెండు, బుధవారం, పదకొండు గంటల నలభై నిమిషాలకు.

అది బడులు తెరిచిన రోజు. మా ఆవరణలోనే ప్రాథమిక పాఠశాల ఉంది. దాని పెద్దసారుకు ఒకటో తరగతిలో పిల్లలు చాలలేదు. ఇరవై మంది చేరకపోతే ఒక పంతులు పోస్టు వేరే ఊరికి పోతుందని ఆయన భయం. వ్యాయామ ఉపాధ్యాయినికి జూన్‌లో పనేముంటుంది, చేతిరాత బాగుంటుంది, అని రిజిస్టర్ నా ముందు పెట్టాడు. వచ్చిన వాళ్లు ఇరవై ముగ్గురు. అందులో పద్నాలుగు మందికి ఐదేళ్లు నిండలేదు, లేదా ఎప్పుడు పుట్టారో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈ పిల్ల తల్లికి మాత్రం తెలుసు. “శివరాత్రి పోయినంక మూడో దినం, మిరప కల్లంల” అని చెప్పింది. నేను ఇంట్లో పాత క్యాలెండర్లు పారేయను. ఆ సాయంత్రమే చూసి, ఫిబ్రవరి ఇరవై ఆరు అని నా పుస్తకంలో రాసుకున్నాను. అంటే బడిలో చేరిననాటికి పిల్లకు నాలుగేళ్ల మూడు నెలలు. మరీ చిన్నదని తర్వాత ఒకటో తరగతిలోనే రెండేళ్లు కూర్చోబెట్టారు.

పెద్దసారుతో ఆ పొద్దున అన్నాను, “సార్, ఈ పిల్లకు ఇంకా ఐదేండ్లు కాలే.”

“కాలేదా? అయితది తియ్యి. ఆర్నెళ్లు ముందు రాస్తె పిల్లకేమన్న నొప్పైతదా?”

తల్లి కూడా, “రాయమ్మా. బడ్లనన్న ఇంత తింటది. నేను చేనుకు పోతె దాన్ని ఎవరు చూస్తరు” అంది. వీల్లేదనడానికి నాకున్న కారణం ఒకటే, ఆ తేదీ నిజం కాదని. ఆ గదిలో ఉన్న మిగతా కారణాల పక్కన అది చాలా చిన్నగా కనిపించింది.

అయితే రాసేది అబద్ధమైనా పద్ధతిగా రాయాలి కదా. అన్ని బళ్లలోనూ ఇలాంటి పిల్లలకు జూన్ ఒకటి వేస్తారు. ఫోన్‌లో క్యాలెండర్ తీసి చూస్తే రెండువేల ఎనిమిదిలో జూన్ ఒకటి ఆదివారం. ఊళ్లో పద్నాలుగు మంది ఒకే ఆదివారం పుట్టారంటే తనిఖీకి వచ్చినవాడు నవ్వుతాడు. అందుకని నేను జూన్ రెండు నుంచి పదకొండు వరకు పరిచాను, మధ్యలో ఆదివారం వదిలేసి, ఏ రోజూ ఇద్దరికి మించి పుట్టకుండా. ఈ పిల్లకు ఐదో తేదీ, గురువారం వచ్చింది. పెద్దసారు చూసి, “మీ అంత నీటుగ ఎవ్వరు రాయరు మేడం” అన్నాడు. సంతోషించాను. తర్వాత ఆ సంగతి మరిచిపోయాను. తొమ్మిదేళ్లు నా పుస్తకంలోని తేదీనే ఆ పిల్ల తేదీ అనుకున్నాను. నా పుస్తకంలో తప్పుండదు మరి.

బల్ల దగ్గర సారుకు పుస్తకం తీసి చూపించాను. రెండువేల పదమూడుది కూడా సంచిలో ఉంది. ఆరోగ్య వివరాల కోసం ఆ పిల్లవి అన్ని ఏళ్లవీ తెచ్చాను. ఆయన పుస్తకం చూశాడు, ఫోన్ చూశాడు, మళ్లీ పుస్తకం చూశాడు.

“రెండు మీ రాతనే గద మేడం.”

“నాదే.”

“ఒకటే దినం రాసిండ్రు.”

“ఒకటే దినం.”

“ఏదబద్ధం?”

“రిజిస్టర్‌ది.”

ఆయన నవ్వలేదు. “నేనేం చెయ్యాలె చెప్పుండ్రి. సర్కారు రిజిస్టర్ల మీరు అబద్ధం రాసిండ్రు, ఇంట్ల పుస్తకంల నిజం రాసిండ్రు. నాకు చెల్లేది సర్కారుదే. జనవరి ఒకటికి ఈ పిల్ల రెండు వందల పది దినాలు ముందు పుట్టింది.” ఆయన వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి చెప్పాడు. నేను మనసులో సరిచూశాను. లెక్క సరిగ్గానే ఉంది. “మూడు పుట్టినరోజులున్నయి ఈ పిల్లకు. ఒక్కటన్న నాకు పనికొచ్చేది ఉంటె నేను ఒద్దంటనా?”

పదిహేడేళ్ల లోపు వాళ్లలో పరుగెత్తించమని అడిగాను. దానికి ముందే పేరు పంపాలట. తేదీ తప్పని నేను రాసిస్తానన్నాను. రాసివ్వమన్నాడు, కాని అది పోయి రావడానికి నెలలు పడుతుందన్నాడు. రాసిచ్చాను. అది ఇంకా తిరిగి రాలేదు.

ఆ పిల్ల నా పక్కనే నిలబడి అంతా విన్నది. ఏడవలేదు. చివర్లో ఒక్క మాట అడిగింది. “మేడం, అయితె నేనెప్పుడు పుట్టిన?”

“శివరాత్రి పోయినంక మూడో దినం” అన్నాను.

“మరి ఇండ్ల ఎవరు రాసిండ్రు?”

“నేను.”

“ఊ” అంది. అంతే.

వెంటనే వెళ్లిపోవలసింది. కాని మళ్లీ బస్సు ఒంటిగంటకు. అందుకని మెట్ల మీద కూర్చున్నాం. పదకొండు ఎనిమిదికి పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లల ఆరు వందల మీటర్లు. తొమ్మిది మంది. తుపాకీ మోగగానే నా బొటనవేలు దానంతటదే వాచ్ నొక్కింది. ముప్పై ఆరేళ్ల అలవాటు. మొదట వచ్చిన పిల్ల బూట్లు వేసుకుంది, చక్కగా పరుగెత్తింది, చివర్లో కొంచెం సడలింది. వాచ్ నొక్కి అరచేతిలో దాచి చూశాను. ఒకటి, నలభై తొమ్మిది, రెండు.

మా పిల్లది ఒకటి, నలభై ఆరు, ఎనిమిది. అదీ మట్టి మీద, ఒట్టి కాళ్లతో, ఒక పక్క గోడ, ఇంకో పక్క కర్ర. తేడా రెండు సెకన్ల నాలుగు పదో వంతులు. ఆ వేగానికి అది పదమూడు మీటర్ల దూరం.

“ఎంతొచ్చింది మేడం ఆమెకు?”

ఆ పిల్ల ముఖం చూశాను. నిజం చెబితే ఇంటిదాకా, ఇంటి తర్వాత పత్తి సాళ్లలో కూడా, ఆ రెండు సెకన్లు మోసుకొని తిరుగుతుందనిపించింది.

“ఒకటి నలభై ఐదు” అన్నాను.

ఆమె ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగాయి. “అట్లయితె నేను ఎట్లన్న ఓడిపోదును” అంది. కొంచెంసేపయ్యాక, “మంచిగ ఉరికింది పాపం” అని ఆ పిల్లను మెచ్చుకుంది కూడా. తిరుగుదారిలో కొత్తకోటలో ఆరు ఇడ్లీలు ఇప్పించాను. నాలుగు తిని, రెండు తల్లికి పొట్లం కట్టించుకుంది. నా మాట ఎంత బాగా పనిచేసిందో చూసి, ముప్పై ఏళ్ల ఆరోగ్య విద్యలో ఇంత వేగంగా నొప్పి తగ్గించిన మాత్ర నేను ఎవరికీ ఇవ్వలేదనుకున్నాను.

ఇంటికి వచ్చి పుస్తకంలో అసలు సంఖ్య రాసుకున్నాను. నలభై తొమ్మిది, రెండు.

మర్నాటి నుంచి ఆ పిల్ల మైదానానికి రాలేదు. తల్లి అడగొద్దన్నది కాబట్టి నేను అడగలేదు.

ఏడాది దాకా ఆగాను. మాట తప్పింది రెండువేల ఇరవై మూడు, ఆగస్టు పదిహేడు, గురువారం, పది గంటలకు. పదిహేడేళ్ల లోపు వాళ్ల ఎనిమిది వందల మీటర్లకు పేర్లు పంపే రోజులు. అందులో గెలిస్తే వసతి పాఠశాల రాదు, పై స్థాయి పోటీలకు పోవచ్చు అంతే. అయినా పోయాను. పత్తి చేను గట్టు మీద గొడుగు పట్టుకొని నిలబడ్డాను. పిల్ల పదో తరగతికి వచ్చింది, వారంలో మూడు రోజులు బడికి, మూడు రోజులు చేనుకు. సాలు మధ్యలో వంగి, ఎడమ చేతిలో మగ పూలు, కుడి చేత్తో అద్దుతున్నది. చేతివేళ్ల మీద పసుపు రంగు పొడి. పక్క సాలులో తల్లి.

తల్లి నన్ను చూసి తల వంచుకునే అంది, “అడుగనంటిరి గద మేడం.”

“నిన్ను అడుగుతలేను. పిల్లను అడుగుతున్న.”

పిల్ల నడుం ఎత్తకుండానే చెప్పింది. “నాకన్న ఉరికేటోల్లు ఉన్నరు గద మేడం. ఆమెది ఒకటి నలభై ఐదాయె.”

“కాదు బిడ్డా. ఆమెది ఒకటి నలభై తొమ్మిది. నువ్వే ముందున్నవ్. ఆ దినం నీకు అబద్ధం చెప్పిన.”

అప్పుడు లేచి నిలబడింది. ఏడాదిలో ఎత్తు పెరిగింది, నూట యాభై ఆరు ఉంటుంది, కొలవలేదు. నా ముఖం కాసేపు చూసి నవ్వింది. ఎగతాళి కాదు, ముసలివాళ్ల మీద జాలితో నవ్వే నవ్వు.

“నన్ను ఉరికించనీకి ఇప్పుడు గట్ల చెప్తున్నరు.”

“నిజం. పుస్తకంల రాసిన. తెచ్చిన, చూడు.” సంచిలోంచి తీశాను.

“మీ పుస్తకంల ఒకటి రాస్తరు, బయట ఒకటి రాస్తరు మేడం. నాకేం తెల్వదా? నాగర్‌కర్నూల్‌ల చూసిన గద.”

తల్లి కసిరింది. “పెద్దమనిషిని గట్లంటరానే? పువ్వు వాడుతున్నది, చెయ్యి ఆడించు.”

పువ్వు పన్నెండింటికల్లా పనికిరాకుండా పోతుంది. అది నాకూ తెలుసు. పిల్ల మళ్లీ వంగింది. నేను అక్కడ పదకొండు నిమిషాలు నిలబడ్డాను. ఆలోపు ఆమె నలభై మూడు పువ్వులు అద్దింది. వేళ్లు చాలా వేగంగా ఆడుతున్నాయి.

పోయినవి ఇవి. నేను రిజిస్టర్‌లో ఆ పిల్ల వయసుకు కలిపిన రోజులు రెండు వందల అరవై ఆరు, వాటిలో ఆమెను తప్పించడానికి సరిపోయినవి రెండు వందల పది. ఒక పందెం. వసతి పాఠశాలలో ఒక చోటు. రోజుకొక గుడ్డు చొప్పున ఇంటర్ అయ్యేదాకా గుడ్లు. మెట్ల మీద నేను తగ్గించి చెప్పిన నాలుగు సెకన్ల రెండు పదో వంతులు. ఒకటి, నలభై ఆరు, ఎనిమిది అనే ఒక సంఖ్య, అది పుస్తకంలో ఉంది, నమ్మేవాళ్లు నేనొక్కదాన్నే.